జున్నును స్కాన్‌కు తీసుకెళ్లని బుధవారం

జున్ను నీళ్ల గిన్నె ఖాళీగా కనిపించిన రోజు నాకు బాగా గుర్తుంది. ఉదయం ఐదున్నరకు డ్యూటీకి బయలుదేరే ముందు నిండా పోసి వెళ్లాను. సాయంత్రం నాలుగింటికి వచ్చేసరికి చుక్క లేదు. ఒలికిందేమోనని పక్కన చెయ్యి పెట్టి చూశాను. గచ్చు పొడిగా ఉంది. మళ్లీ నింపితే మెల్లగా నడిచొచ్చి, తల ఎత్తకుండా చాలాసేపు తాగింది. సౌదీలోని హాయిల్‌లో అది జూలై నెల. ఎండలకు దాహం వేస్తోందిలే అనుకున్నాను. ఇంట్లో పగలూ రాత్రీ ఏసీ నడుస్తూనే ఉంటుందన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు.

నేను డయాలిసిస్ నర్సుని. మాది నరసాపురం. ఇక్కడికి వచ్చి ఆరేళ్లయింది. కుర్చీలో కూర్చున్న ప్రతి పేషెంటునూ మొదట అడిగేది ఒకటే: మొన్నటి నుంచి నీళ్లు ఎన్ని తాగారు, యూరిన్ ఎంత వచ్చింది. అరబీలో నేను తడుముకోకుండా అడగగలిగే ప్రశ్నలు ఆ రెండే. వాటిని ఇంట్లో పిల్లి విషయంలో నాకు నేను ఒక్కసారి వేసుకున్నా ఇది రాయాల్సిన అవసరం ఉండేది కాదు. జంతువులను పెంచుకునే మనవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు చెబుతున్నాను.

జున్ను నా పిల్లి కాదు. విమలక్కది. ఆవిడ మా ఆసుపత్రిలోనే ఐసీయూలో చేస్తారు. తెనాలి మనిషి, నాకంటే పదమూడేళ్లు పెద్ద. ఇద్దరం కలిసి బయట ఫ్లాట్ తీసుకుని ఉంటున్నాం. మూడేళ్ల క్రితం మా బిల్డింగ్ పార్కింగ్‌లో ఒక కారు ఇంజన్ కింద అరుస్తున్న పిల్లికూనను విమలక్క నేలమీద బోర్లా పడుకుని, చెయ్యి చాచి బయటికి తీశారు. గ్రీజు కడిగేస్తే జున్ను రంగులో ఉంది. అదే పేరయింది. అక్క భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లలు లేరు. డ్యూటీ నుంచి వచ్చాక ఆవిడ మాటలన్నీ దానితోనే. నాతో మాట్లాడినా ఒళ్లో అది ఉండాల్సిందే.

దానికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించమని జంతువుల క్లినిక్‌లో మొదటి ఏడాదే చెప్పారు. ఇద్దరం చేయిద్దాం చేయిద్దాం అనుకుంటూనే గడిపేశాం. పనిగట్టుకుని మానలేదు. సెలవు కుదిరినప్పుడు చూద్దాం అనుకున్నాం, అంతే.

ఆ వేసవిలో విమలక్కకు గాల్ బ్లాడర్‌లో రాళ్లని తేలింది. గుంటూరులో ఆపరేషన్ చేయించుకోవాలని నలభై ఐదు రోజుల సెలవు పెట్టి, వెళ్లి తిరిగి రావడానికి ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా తీసుకున్నారు. ప్రయాణానికి పది రోజుల ముందు జున్ను ఎదకొచ్చి, అంటే హీట్‌లో ఉండి, చెత్త పడేయడానికి తలుపు తీసిన సందులోంచి బయటికి దూకేసింది. రెండు రోజులు కనిపించలేదు. మూడో రోజు చెవి గీరుకుని, ఒంటినిండా దుమ్ముతో తిరిగొచ్చింది. విమలక్క తిట్టారు, తుడిచారు, తర్వాత నవ్వారు. వెళ్లే రోజు తలుపు దగ్గర నాతో, "పిల్లలు పుడితే నేను వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకు కరుణా. తల్లీపిల్లల్ని నా చేత్తో చూసుకోవాలి" అన్నారు. అలాగేనన్నాను.

కాబట్టి మూడు వారాల తర్వాత జున్ను కడుపు ఉబ్బుతుంటే నాకు భయం వేయలేదు. సంతోషం వేసింది. నీళ్లు ఎక్కువ తాగినా, మగతగా పడుకున్నా, గిన్నెలో సగం తిండి వదిలేసినా, ఇసుక ట్రేలో తడి ముద్దలు పెద్దవిగా కనిపించినా, అన్నిటికీ నా దగ్గర ఒకే జవాబు ఉంది. కడుపుతో ఉందిగా.

ఒక శనివారం రెండుసార్లు వాంతి చేసుకుంది. ఆదివారం డ్యూటీ అయ్యాక క్లినిక్‌కు తీసుకెళ్లాను. మమ్మల్ని ఎప్పుడూ కారులో తిప్పే యాదగిరి వచ్చాడు. జగిత్యాల వైపు మనిషి. డ్రైవింగ్‌కు ముందు హాయిల్ బయట మజరాలో, అంటే ఇక్కడి పొలాల్లో, ఏడేళ్లు గొర్రెలు కాశాడు. బుట్ట మూత తీసి జున్నును చూసి, కడుపు మీద చెయ్యి పెట్టి, కారు తీశాడు. కారు సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు అన్నాడు.

"అక్కా, నేను మస్తు జీవాలను సూసిన. పిల్లల కడుపు గిట్లుండది. ఇది నీళ్లు నింపిన తిత్తి లెక్కున్నది. డాక్టర్‌కు మంచిగ సూపియ్యి."

గొర్రెలు వేరు, పిల్లులు వేరు అని నవ్వేశాను. అతను మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

క్లినిక్‌లో డాక్టర్ ఉస్మాన్ సూడాన్ ఆయన. నెమ్మదిగా మాట్లాడతారు. టెంపరేచర్ చూశారు, కొంచెం ఎక్కువే ఉంది. కడుపు రెండు వైపులా వేళ్లతో తడిమారు. వెనక భాగం చూసి స్రావం ఏమీ లేదన్నారు. నేను నర్సునని చెప్పాను కాబట్టి నాతో ఇంగ్లీషులో వివరంగానే మాట్లాడారు. ప్రెగ్నెన్సీ కావచ్చు, కాకపోనూ వచ్చు, చేత్తో తడిమి తేల్చలేనన్నారు. ఎక్స్-రే తీసినా ఇన్ని వారాలకు పిల్లల ఎముకలు కనపడవన్నారు. అల్ట్రాసౌండ్ ఒక్కటే దారి. ఆ మిషన్ వాళ్ల క్లినిక్‌లో లేదు. ఒక డాక్టర్ పోర్టబుల్ మిషన్ కారులో పెట్టుకుని వారమంతా ఊరూరా క్లినిక్‌లు తిరుగుతుంది, బుధవారం హాయిల్‌కు వస్తుంది అని చెప్పారు. బుధవారం పదకొండు గంటలకు నా పేరు రాయించారు. బ్లడ్ టెస్ట్ మాత్రం ఇప్పుడే చేద్దామన్నారు.

జున్ను అప్పటికే బుట్టలో ముడుచుకుని వణుకుతోంది. దాన్ని మళ్లీ పట్టుకుని సూది గుచ్చడం ఎందుకు, రెండూ బుధవారమే చేయించుకుంటానన్నాను. ఆయన, "డోంట్ మిస్ వెడ్నస్‌డే, సిస్టర్" అన్నారు.

మంగళవారం సాయంత్రం మా ఇన్‌చార్జ్ ఫోన్ చేసింది. ఒక నర్సుకు జ్వరం, రేపు నీ ఆఫ్ మార్చుకుని రాగలవా అని అడిగింది. కుదరదని అనొచ్చు. ఇంకో ఇద్దరు ఉన్నారు. కానీ నేను కాదనలేని మనిషినని అక్కడ అందరికీ తెలుసు, నాకు ఆ పేరంటే ఇష్టం కూడా. సరేనన్నాను. జున్నును యాదగిరితో పంపొచ్చు. డాక్టర్ వివరాలు ఫోన్‌లో చెప్పేవారు. ఆ ఆలోచన రాకపోలేదు. స్కాన్‌లో పిల్లలు కదిలేది నేనే చూడాలన్న ముచ్చటతో పంపలేదు. ఇది ఇప్పుడు రాయడానికి సిగ్గుగా ఉంది.

బుధవారం పొద్దున క్లినిక్‌కు ఫోన్ చేసి వచ్చే బుధవారానికి మార్పించుకున్నాను. రిసెప్షన్ అమ్మాయి, పిల్లి తింటోందా అని అడిగింది. ఆ పొద్దున నా చేతిలోంచి ఒక్క చికెన్ ముక్క తిన్నది. తింటోందని చెప్పాను.

గురువారం గుంటూరులో విమలక్క ఆపరేషన్ అయింది. శుక్రవారం వీడియో కాల్ చేశారు. మొహం వాడిపోయి ఉంది, గొంతు బొంగురు పోయింది. ముందు జున్నును చూపించమన్నారు. చూపించాను.

"కడుపు బాగా తెలుస్తోందే. స్కాన్ అన్నావుగా, అయిందా?"

"అయిందక్కా" అన్నాను.

"ఎన్ని ఉన్నాయన్నారు?"

"మూడు."

ఎందుకు అన్నానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆపరేషన్ అయి ఒక రోజు కూడా గడవలేదు, కంగారు పెట్టకూడదని అనుకున్నాననే సమాధానం నా దగ్గర ఉంది. అది సగం నిజం. రెండో సగం, నా డ్యూటీ కోసం ఆవిడ పిల్లిని ఆపానని చెప్పడం ఇష్టం లేకపోవడం. విమలక్క పక్క మంచం మీదున్న చెల్లెలికి ఫోన్ తిప్పి, "మూడంట" అని చెప్పారు. నవ్వితే కుట్లు లాగుతున్నాయని పొట్ట పట్టుకున్నారు.

ఆ తర్వాతి నాలుగు రోజులూ జున్ను రోజురోజుకీ దిగజారింది. ఆదివారానికి తిండి పూర్తిగా మానేసింది. సోమవారం బాత్‌రూమ్‌లో వాషింగ్ మెషిన్ వెనక దూరి, పిలిస్తే రాలేదు. నోటినుంచి ఒక రకమైన వాసన. అది నాకు తెలిసిన వాసనే. కిడ్నీలు పనిచేయక రక్తంలో క్రియాటినిన్ పెరిగిన పేషెంట్ల దగ్గర రోజూ వచ్చేదే. అప్పటికీ నా మనసు ఒప్పుకోలేదు. సోమవారం క్లినిక్‌కు ఫోన్ చేస్తే డాక్టర్ ఉస్మాన్ ఒక మజరాలో ఒంటెల వైద్యానికి వెళ్లారన్నారు, ఎమర్జెన్సీ అయితే వేరే క్లినిక్‌కు తీసుకెళ్లమన్నారు. మంగళవారం ఒక్క రోజు ఆగితే మిషనే వస్తుంది కదా అని ఆగాను. మనుషుల విషయంలో అలా ఆగిన బంధువులను నేను ఎంతమందిని మందలించానో లెక్క లేదు.

బుధవారం తెరవగానే క్లినిక్‌లో ఉన్నాను. ఆ బుధవారం నాకు ఆఫ్ లేదు, ఇన్‌చార్జ్‌కు రానని మెసేజ్ పెట్టాను. సరేనని రాసింది. వారం ముందు కూడా అలాగే అనేదేమో.

మిషన్ తెచ్చిన డాక్టర్ సనా పాకిస్తాన్ ఆవిడ. సన్నగా, కళ్లజోడుతో ఉన్నారు. లాప్‌టాప్ అంత మిషన్ బల్ల మీద పెట్టి, జున్ను పొట్ట మీద బొచ్చు గొరిగి, జెల్ రాశారు. జున్ను పెనుగులాడలేదు. నా మోచేతి మీద గడ్డం ఆనించి ఉండిపోయింది. మనుషుల స్కాన్‌లు నేను చూసినవే. తెర మీద చిన్న గుండె కొట్టుకుంటుందేమోనని వెతికాను. కనిపించినవన్నీ మెలికలు తిరిగిన నల్లటి గొట్టాలు, వాటిలో నెమ్మదిగా సుడి తిరుగుతున్న బూడిద రంగు మడ్డి.

నేను హిందీలో, పిల్లలు ఏ వైపున్నాయి డాక్టర్ అని అడిగాను.

ఆవిడ స్కాన్ చేసే ప్రోబ్ అక్కడే ఆపి, "పిల్లలు లేవు సిస్టర్. ఇదంతా చీము" అన్నారు.

పయోమెట్రా అన్నారు. గర్భసంచి చీముతో నిండిపోయింది, నోరు మూసుకుపోయింది కాబట్టి బయటికి ఏమీ రాలేదు, అందుకే నాకు తెలియలేదు. పిల్లులకు హీట్ వచ్చిన కొన్ని వారాలకు ఇది వస్తుందని, చాలామంది ప్రెగ్నెన్సీ అనుకుంటారని చెప్పారు. ప్రోబ్ ఇంకాస్త పక్కకు జరిపి, గర్భసంచి బయట కూడా ద్రవం ఉంది, ఎక్కడో చిట్లినట్టుంది అన్నారు. డాక్టర్ ఉస్మాన్ అప్పటికే రక్తం తీశారు. క్రియాటినిన్ నాలుగు దాటింది. ఆ అంకె అర్థం ఆ గదిలో ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు.

పోయిన వారం చూసి ఉంటే అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది. డాక్టర్ సనా జెల్ తుడుస్తూ అన్నారు.

"పోయిన బుధవారం పదకొండుకు నాకు ఎవరూ లేరు. ఈ కుర్చీలోనే కూర్చుని చాయ్ తాగాను. అప్పటికి ఇలా చిట్లి ఉండకపోవచ్చు."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే కాస్త తేలికగా ఉండేదేమో.

వెంటనే ఆపరేషన్ చేయాలి. ఫైల్‌లో యజమాని పేరు విమలక్కది, ఆవిడ ఒప్పుకుంటేనే చేస్తామన్నారు. కారిడార్‌లోకి వెళ్లి ఫోన్ చేశాను. ముందు జబ్బు సంగతి చెప్పాను. తర్వాత పోయిన బుధవారం స్కాన్‌కు తీసుకెళ్లలేదని, మూడు అని చెప్పింది అబద్ధమని చెప్పాను. చెల్లెలు, ఎవరక్కా అని అడగడం వినిపించింది.

"ఆపరేషన్ చేయించు" అన్నారు విమలక్క. "డాక్టర్‌కు ఫోన్ ఇవ్వు. నీతో తర్వాత మాట్లాడతాను."

డాక్టర్ ఉస్మాన్ రెండు గంటలు చేశారు. గర్భసంచి ఒకచోట చిట్లి, చీము కడుపులోకి కారింది. అంతా కడిగి, తీసేసి, కుట్టారు. సాయంత్రానికి జున్ను కళ్లు తెరిచింది. అంతటితో గండం గడిచిందనుకున్నాను. మూడో రోజుకు యూరిన్ బాగా తగ్గిపోయింది. డ్రిప్ నడుస్తూనే ఉంది, ముందు కాళ్లు ఉబ్బాయి. క్రియాటినిన్ ఇంకా పెరిగింది. డాక్టర్ ఉస్మాన్ డ్రిప్ వేగం తగ్గించి, మందులు మార్చి, ఈ రెండు రోజులూ గడవాలి అన్నారు. నేను డ్యూటీలో మిషన్ల మధ్య తిరుగుతూ, నా పేషెంట్ల క్రియాటినిన్ చార్టుల్లో రాస్తూ, దానికి ఎంత వచ్చిందో తెలిపే మెసేజ్ కోసం ఫోన్ చూసుకుంటూ ఉండేదాన్ని. ఆరో రోజు అది తనంతట తాను మూత్రం పోసిందని క్లినిక్ అమ్మాయి ఫోటో పంపింది. తడిసిన పరుపు ఫోటో. దాన్ని నేను యాదగిరికి కూడా పంపాను. గొర్రెలు వేరు పిల్లులు వేరు అన్నందుకు క్షమించమని రాశాను. "జీవాలన్నీ ఒక్కటే అక్కా. బతికింది గదా, సాలు" అని వాయిస్ మెసేజ్ పెట్టాడు.

తర్వాతి బుధవారం డాక్టర్ సనా మళ్లీ చూశారు. కడుపులో ద్రవం లేదు. కిడ్నీలు మాత్రం తేరుకున్నాయో లేదో రెండు నెలల తర్వాతే చెప్పగలమన్నారు. రెండు నెలల తర్వాత ఒక కిడ్నీ కుంచించుకుపోయి కనిపించింది. రెండోది పనిచేస్తోంది, పూర్తిగా కాదు. ఇకపై అది జీవితాంతం ఉండే కిడ్నీ జబ్బేనని, మందులతో, తిండితో, చర్మం కింద ఎక్కించే ఫ్లూయిడ్స్‌తో నెట్టుకురావాలని చెప్పారు.

విమలక్క సెలవు ముగియడానికి వారం ముందే వచ్చేశారు. ఇంట్లోకి అడుగుపెట్టి, బ్యాగు తలుపు దగ్గరే వదిలి, జున్ను ముందు నేలమీద కూర్చున్నారు. గొరిగిన పొట్టను, కుట్ల మచ్చను చూశారు. నన్ను తిట్టలేదు. రెండో రోజు అన్నం తింటున్నప్పుడు మాత్రం కంచంలోకి చూస్తూ అడిగారు.

"వెళ్లలేకపోవడం తప్పు కాదు. డ్యూటీలు నాకు తెలియవా? మూడు అని ఎందుకు చెప్పావు?"

కంగారు పెట్టకూడదని అన్నాను.

"వెళ్లలేదని చెప్పుంటే మంచం మీంచే యాదగిరికి ఫోన్ చేసేదాన్ని. మర్నాడే ఇంకో ఊరు పంపేదాన్ని. ఆ డాక్టరమ్మ ఎక్కడుంటే అక్కడికి. నువ్వు అయిందన్నావు కాబట్టి నేను నిద్రపోయాను."



ఇది జరిగి ఏడాదిన్నర అయింది. జున్ను ఉంది. బక్కచిక్కింది, ఇదివరకులా కిటికీ మీదికి ఎగరలేదు, కానీ ఎండ పడే చోటుకు నడిచివెళ్లి పడుకుంటుంది. రోజు విడిచి రోజు భుజాల మధ్య సూది పెట్టి ఫ్లూయిడ్ ఎక్కించాలి. సూది విమలక్కే పెడతారు. నేను సంచీని గోరువెచ్చని నీళ్లలో ఉంచి, జున్నును కదలకుండా పట్టుకుంటాను. రోజుకు ఎన్ని నీళ్లు తాగిందో కొలిచి ఫ్రిజ్‌కు అంటించిన కాగితం మీద రాస్తాను. మూడు నెలలకోసారి బుధవారం స్కాన్. ఇంతవరకూ ఒక్కటీ తప్పించలేదు.

మేమిద్దరం ఇంకా ఒకే ఇంట్లో ఉంటున్నాం. కలిసి వండుకుంటాం, శుక్రవారం కలిసి ప్రార్థన చేసుకుంటాం. ఆవిడ నన్ను ఎవరి ముందూ తక్కువ చేయలేదు. కానీ ఆవిడ డ్యూటీలో ఉన్నప్పుడు జున్ను తిన్నదని నేను మెసేజ్ పెడితే, కాసేపటికి జవాబు వస్తుంది: ఫోటో పెట్టు. ఖాళీ గిన్నె ఫోటో తీసి పంపుతాను. అప్పుడు సరేనంటారు. అందులో తప్పు పట్టడానికేమీ లేదు. నేనైనా అలాగే అడుగుతాను.

ఇది చదివేవారికి చెప్పదలచుకున్నది ఒక్కటే. ఆపరేషన్ చేయించని ఆడపిల్లి హీట్ వచ్చిన కొన్ని వారాలకు నీళ్లు ఎక్కువ తాగుతూ, కడుపు ఉబ్బుతుంటే అది పిల్లల కడుపేనని మీరు తేల్చేయకండి, స్కాన్‌ను తేల్చనివ్వండి. ఇక్కడి ఊళ్లలో ఆ మిషన్ వారానికి ఒక్క రోజే వస్తుంది. ఆ రోజు మీరు వెళ్లలేకపోతే ఇంకెవరితోనైనా పంపండి. పంపడమూ కుదరకపోతే, ఆ పిల్లి ఎవరిదో వాళ్లకు ఆ పూటే ఫోన్ చేసి, ఇవాళ స్కాన్ జరగలేదని చెప్పండి.